డబ్బా అక్క బండికి ముందు బ్రేకు

ఆసుపత్రుల వీధిలో ఆమెను అందరూ డబ్బా అక్క అంటారు. డబ్బా కొట్టుకునే మనిషని కాదు. తన గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం ఆమెకు అసలు చేతకాదు. మోటార్‌సైకిల్ వెనక సీటు మీద తాళ్లతో బిగించిన తెల్లటి ఐసు డబ్బా ఎప్పుడూ ఉంటుంది, అందుకని ఆ పేరు. చిన్న చిన్న క్లినిక్కుల్లో తీసిన రక్తం సీసాలను అందులో సర్దుకుని, ఊరవతల పల్లంలో ఉన్న పెద్ద ల్యాబుకు చేర్చడం ఆమె ఉద్యోగం. ఎండైనా వానైనా రక్తం చెడకముందే చేరాలి.

బండి నడపడం పెళ్ళికి ముందే మేనమామ దగ్గర నేర్చుకుంది. "క్లచ్ వదిలేటప్పుడు చేతిలో కోడిపిల్లని కిందికి దించుతున్నాననుకోవే పిల్లా" అనేవాడాయన. ఈ బండీ ఆయన వాడి వాడి ఇచ్చిందే. వయసు మీద పడినా మొండికెయ్యదు.

ఇంట్లో తనూ, భర్తా, అత్తగారూ. భర్త పెళ్ళి నాటి నుంచీ ఒకే ప్రెస్సులో అచ్చు మిషన్ నడిపాడు. అక్కడ అతన్ని "నిదానం" అని పిలిచేవారు. అతను కడిగిన రోలర్లలో ముఖం చూసుకోవచ్చనీ, కాకపోతే కడగడం అయ్యేసరికి ఆ ముఖం కాస్తా ముసలిదైపోతుందనీ యజమాని పరాచికమాడేవాడు. పిలుపు కార్డులూ బిల్లు పుస్తకాలూ అన్నీ ఫోన్లలోకి దూరిపోయాక ప్రెస్సు మూతపడింది. అతను ఇంట్లో పడ్డాడు.

మొదట్లో ఇల్లంతా బాగుచేశాడు. కారే కుళాయిలు కారడం మానేశాయి. కిర్రుమనే తలుపులు నోళ్ళు మూసుకున్నాయి. అత్తగారి చెవి మిషన్ ఒక్కటే తప్పించుకుంది, ఆవిడ ప్రాణం పోయినా చెవిలోంచి తీసి ఇవ్వనంది కాబట్టి. ఆ తర్వాత బాగుచెయ్యడానికి ఏమీ మిగల్లేదు. అతను కిటికీ పక్కన కూర్చుని, వీధిలో పోయే బళ్ళ చప్పుడు వింటూ, ఏ బండికి ఏ జబ్బుందో తనలో తాను చెప్పుకునేవాడు. ఆమె డబ్బా దించి లోపలికి వస్తే, ఆమె కళ్ళలోకి కాకుండా చెప్పుల వైపు చూస్తూ "వచ్చావా" అనేవాడు.

అలాంటి రోజుల్లో ఒక పూట భోజనాల దగ్గర ఆమె నోరు జారింది.

"ముందు బ్రేకు పట్టేస్తోందండీ. వదిలినా వదలట్లేదు. చక్రం దగ్గర చెయ్యి పెడితే కాలిపోతోంది."

అతను ముద్ద కంచంలో వదిలేసి తలెత్తాడు. "కాలిపర్ పట్టేసి ఉంటుంది. లోపల పిస్టన్‌కి తుప్పు. నేను విప్పుతా."

"వీధి చివర మెకానిక్ ఉన్నాడుగా, ఎందుకండీ మీకు శ్రమ..."

"వాడికెందుకు? ఇంట్లో నేనున్నాగా?"

ఎన్నాళ్ళకో అతని వీపు నిటారుగా నిలబడింది. వద్దంటే ఆ వీపు మళ్ళీ వంగిపోతుంది. సరేనంటే రేపు ఆ బ్రేకును నమ్ముకుని పల్లంలోకి దిగాల్సింది తను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. "మీ ఇష్టం" అంది చివరికి.

సెలవు రోజున వరండాలో పాత దుప్పటి పరిచి అతను పని మొదలుపెట్టాడు. ముందు చక్రం పక్కన, ఇనుప పళ్ళేన్ని రెండు దవడలతో ఒడిసిపట్టుకుని ఉండే ముద్దే కాలిపర్. దాన్ని ఊడదీసి, అరిగిన బ్రేకు ప్యాడ్లు తీసి, ఒక్కొక్క ముక్కనూ విప్పిన వరసలోనే దుప్పటి మీద పేర్చాడు. అన్నీ వచ్చాయి గాని పిస్టన్ మాత్రం రాలేదు. లోపల బిగుసుకుపోయి అలిగిన పెళ్ళికొడుకులా కూర్చుంది. బతిమాలాడు, నూనె పోశాడు, వేడి నీళ్ళలో ముంచాడు. చివరికి పైన గుడ్డ కప్పి, సైకిల్ పంపు తగిలించి గాలి కొట్టాడు.

"ఏవండీ, జాగ్రత్త..." అని ఆమె అంటుండగానే ఠప్పుమని పిస్టన్ ఊడి, గుడ్డను తోసుకుని వెళ్ళి గోడకు కొట్టుకుంది. నల్లటి నూనె చొక్కా మీదా ముఖం మీదా చిమ్మింది.

అత్తగారు ఉలిక్కిపడి లేచారు. "ఏం పేలిందిరా?"

"ఏం పేల్లేదమ్మా. బండికి పన్ను ఊడింది."

ఆమె నవ్వింది. అయినా దుప్పటి మీద ముక్కలైపోయి పడున్నది తన ప్రాణమే అనిపించింది. మళ్ళీ ఒకసారి మెల్లగా కదిపి చూసింది. "పోనీ, బిగించేటప్పుడు మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుంటేనో?"

"ఎందుకు, నాకు దండ వెయ్యడానికా?"

అతను పాత పళ్ళ బ్రష్షుతో సందు సందునా తోమాడు. గరుకు కాగితం తడిపి, తుప్పు మచ్చలు పోయేదాకా పిస్టన్‌ను చుట్టూ తిప్పుతూ రుద్దాడు. కొత్త రబ్బరు సీళ్ళను బ్రేకాయిల్‌లో తడిపి, పసిపిల్లకు గాజు తొడిగినట్టు వేలి కొసలతో గాడిలోకి జార్చాడు. నిజం చెప్పాలంటే ఆ చేతులు చూస్తుంటే ముచ్చటేసింది. భయం మాత్రం పోలేదు.

అన్నీ బిగించాక లోపలి గాలి తీయాలి. ఆమె హ్యాండిల్ పట్టుకుని నిలబడింది. అతను చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నొక్కు. పట్టుకో... ఆఁ. వదులు. మళ్ళీ నొక్కు."

సన్నటి గొట్టంలోంచి బుడగలు వచ్చాయి, వచ్చాయి, ఇక రావడం మానేశాయి. బ్రేకు లివరు ఆమె వేళ్ళ కింద గట్టిపడింది.

"ఎలా ఉంది?"

"రాయిలా ఉందండీ" అంది. అబద్ధం కాదు, నిజంగానే రాయిలా ఉంది. ఆ పూట అతను మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. ప్రెస్సు కబుర్లు చెప్పి తల్లిని నవ్వించాడు. ఇంత మనిషిని అనుమానించానే అని ఆమె లోలోపల సిగ్గుపడింది.

మొదట్లో అతను పొద్దున్నే చక్రం దగ్గర వంగి చూసేవాడు. ఇంతలో అత్తగారికి జ్వరం తగులుకుంది. ఇంటి చాకిరీ అంతా అతని మీద పడి, చూడటం తప్పిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే లివరు రవ్వంత మెత్తబడిందని ఆమె వేళ్ళకు తెలిసింది. మర్నాటికి ఇంకొంచెం. చక్రం పక్కన తడి కనిపిస్తే, తెల్లవారుజామున కురిసిన వాన అనుకుంది. అనుకుందో, అనుకోవాలని అనుకుందో ఆమెకే తెలియాలి. సాయంత్రం ఇంటికి రాగానే అతను అడిగేవాడు.

"బ్రేకెలా ఉంది?"

మెత్తగా ఉందండీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చేది. అతను చేతిలో తల్లి మందు గ్లాసుతో, కళ్ళలో ఆశతో నిలబడి ఉండేవాడు. ఈ మధ్య చెప్పుల వైపు కాకుండా ముఖం వైపే చూస్తున్నాడు.

"రాయిలా ఉంది" అనేది.

అలా అంటూనే ఒక మధ్యాహ్నం, నిండు డబ్బాతో పల్లంలోకి దిగుతూ లివరు నొక్కింది. అది వెన్నలో వేలు దిగినట్టు దిగి, పిడికి ఆనుకుంది. మళ్ళీ నొక్కింది. ఏమీ లేదు. వెనక బ్రేకు తొక్కితే బండి పక్కకు ఈడ్చింది. ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు, రోడ్డు వారన ఇసుక పోసి ఉంది. ఇక ఆలోచించడానికేమీ లేక, ఆ కుప్ప వైపు హ్యాండిల్ తిప్పింది.

మోకాలు చెక్కుకుపోయింది. బండికి అద్దం విరిగింది. లేచి మొదట డబ్బా దగ్గరికే పరుగెత్తింది. మూత తీస్తే సీసాలన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. అన్నిటికన్నా చిన్నది, చంటిపిల్లల రక్తం పట్టే సీసా, అడ్డంగా పగిలి ఐసు ముక్కలు ఎర్రబడ్డాయి.

మిగతావి ల్యాబులో అప్పగించి, కుంటుకుంటూ, వెనక బ్రేకు మీదే మెల్లగా ఆ చిన్న సీసా ఇచ్చిన క్లినిక్‌కు తిరిగి వచ్చింది. ఆ చంటిపిల్లకు నరం దొరక్క పొద్దున నర్సు ఎంత అవస్థ పడిందో ఆమె కళ్ళారా చూసింది. ఇప్పుడు మళ్ళీ పొడవాలని తానే చెప్పాల్సి వచ్చింది.

పిల్ల తల్లి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పిల్లను గుండెకు అదుముకుని, "మళ్ళీనా?" అంది, అంతే. నర్సును చూడగానే పిల్ల ముందే గుక్కపట్టింది. డబ్బా అక్క తలుపు దగ్గర నిలబడి, ఆ ఏడుపు ఆగేదాకా నేల చూస్తూ ఉండిపోయింది. ఏమైందని అడిగినవాళ్ళందరికీ "టైరు జారింది" అని చెప్పింది.

అక్కణ్ణుంచి నేరుగా ఇంటికి పోలేదు. వీధి చివర మెకానిక్ దగ్గర బండి ఆపింది. అతను కాలిపర్ చుట్టూ వేలు తిప్పి, తడి ఎక్కణ్ణుంచో చూశాడు.

"ఎవరు చేశారక్కా ఇది?"

"ఎవరో... తెలిసినవాళ్ళు."

"చెయ్యి తిరిగిన మనిషే. నేనూ ఇంత శుభ్రంగా చెయ్యను. ఇదిగో, ఈ గొట్టం బిగించే చోట మాత్రం పాత రాగి వాషరే వేసేశాడు. రాగి ఒకసారి నలిగితే మళ్ళీ పట్టదక్కా. ఇక్కణ్ణుంచే ఆయిలంతా చెమ్మ చెమ్మగా పోయింది." కొత్త వాషర్లు వేసి, గాలి తీసి, అద్దం మార్చి ఇచ్చాడు.

"మా ఇంట్లో ఈ సంగతి అనకు తమ్ముడూ."

"నాకెందుకక్కా" అన్నాడు అతను, అంతా అర్థమైనట్టు.

ఇంట్లో భర్త ఆమె మోకాలు చూసి కంగారుపడ్డాడు. వేడి నీళ్ళు తెచ్చి కడిగాడు.

"ఎలా పడ్డావు?"

"ఇసుకలో జారిందండీ."

"మరి బ్రేకు? పట్టిందా?"

ఒక్క క్షణం ఆగి ఉంటే ఆమె వేరే ఏదైనా అని ఉండేది. ఆగలేకపోయింది. "పట్టింది. అది పట్టబట్టే బతికాను."

అతని ముఖం విప్పారింది. "అమ్మా, విన్నావా?" అని తల్లి మంచం దగ్గరికి పోయి గట్టిగా చెప్పాడు. ఆవిడకు సగమే వినపడినా, కొడుకు తల నిమిరారు.

మర్నాడు పొద్దున అతను గుడ్డ పట్టుకుని బండి తుడవడానికి వెళ్ళాడు. ఆమె వంటింటి కిటికీలోంచి చూస్తోంది. కొత్త అద్దం తుడిచాడు. ట్యాంకు మీద ఇసుక దులిపాడు. ముందు చక్రం దగ్గర కూర్చున్నవాడు ఇక లేవలేదు. గొట్టం బిగించిన చోట, బోల్టు కింద కొత్త రాగి రెండు సన్నటి గీతల్లా మెరుస్తోంది. బొటనవేలితో ఆ గీతలను తడిమాడు. ఎంతసేపు కూర్చున్నాడో, పొయ్యి మీద పాలు పొంగిపోయి ఆమెకు వాసన తగిలితేగాని తెలియలేదు.

లోపలికి వచ్చి చేతులు కడుక్కున్నాడు. స్పానర్లూ బ్రష్షూ మిగిలిన ఆయిలూ అట్టపెట్టెలో పెట్టి మంచం కిందకు నెట్టాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అది జరిగిన చాలా రోజులకు ఆమె నోరు విప్పింది. "అది ఒక్క వాషరేనండీ. మిగతా పనంతా తానైనా అంత శుభ్రంగా చెయ్యలేనన్నాడు మెకానిక్, ఒట్టు. నేనే... మెత్తబడిందని మీకు ముందే చెప్పాల్సింది."

"చెప్తే ఏమనుకుంటాననుకున్నావు?"

ఆమె డబ్బా మూత తుడవడం మొదలుపెట్టింది.

"ప్రెస్సులోనూ అంతేలే" అన్నాడు అతను కోపం లేకుండా. "పేజీ అంతా ముత్యాల్లా ఉంటుంది. పెళ్ళికొడుకు పేరులో ఒక్క అక్షరం పోతే కట్టంతా వెనక్కొచ్చేది. మిగతా అక్షరాలు బాగున్నాయని ఎవరూ ఉంచుకోరుగా." తల్లికి మందు వేళైందంటూ లేచి లోపలికి వెళ్ళాడు.

ఇప్పుడు వెనక బ్రేకు అరవడం మొదలుపెట్టింది. ఆమె ఇంటి ముందు ఆగిన ప్రతిసారీ వీధంతా వినబడేలా కీచుమంటుంది. మెకానిక్ దుకాణం ముందు నుంచే రోజూ పోతుంది, కానీ ఆగదు. అతను లేచి వచ్చి చూస్తాడేమోనని, కావాలనే గేటు దగ్గర గట్టిగా తొక్కి ఆపుతుంది.

"ఒరేయ్, ఆ బండి ఏడుస్తోందిరా" అంటారు అత్తగారు. ఆ చప్పుడు ఆవిడ చెవికి కూడా ఆనుతోంది.

"రేపు మెకానిక్‌కి చూపించమని చెప్పమ్మా" అంటాడు అతను కిటికీ పక్క నుంచి, తల తిప్పకుండా.

ఆమె డబ్బా దించుకుని లోపలికి వస్తుంది. సరేనంటుంది. మర్నాడు మళ్ళీ అదే అరుపుతో వచ్చి ఆగుతుంది.