పెళ్ళికూతుళ్ళ వెనక నిలబడిన పిన్ని

మా పిన్ని పోయింది. పోయిన వారం తెల్లారుతూనే బాబాయి ఫోన్ చేసి, "మీ పిన్ని వెళ్ళిపోయిందమ్మా, నిద్దట్లోనే" అన్నాడు. ఆ గొంతు నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది. నేను వెళ్ళేసరికి రాయ్‌పూర్‌లో వాళ్ళిల్లు ఆడవాళ్ళతో నిండిపోయి ఉంది. ఏడుస్తున్నవాళ్ళలో సగం మంది ఎవరో నాకు తెలియదు. అడిగితే ఒక్కొక్కరూ ఒకే మాట చెప్పారు, నా పెళ్ళికి జడ వేసింది పిన్నేనండీ అని. పిన్ని నా ఒక్కదానికే పిన్ని అనుకునే భ్రమ ఆ పొద్దున వదిలింది.

ఒకప్పుడు ఈ ఊళ్ళో తెలుగువాళ్ళింట పెళ్ళంటే పూలజడకి పిన్నిని పిలవాల్సిందే. ఇక్కడి బజారులో దొరికే మల్లెలు ఆమెకి ఆనేవి కావు. బాబాయి రైల్వేలో గార్డు. ఆ పరిచయాల పుణ్యమా అని విజయనగరంలో బండెక్కిన మొగ్గలు తడి తువ్వాల్లో, అరటాకులో చుట్టుకుని మర్నాటికి రాయ్‌పూర్‌లో దిగేవి. ఒకసారి ఒక కొత్త గార్డు పాపం మంచి మనసుతో దారి పొడుగునా మూటమీద నీళ్ళు చిలకరించి, కిటికీ ఎండలో పెట్టి తెచ్చాడు. విప్పి చూస్తే అన్నీ విచ్చుకుని ఉన్నాయి. పెళ్ళివారు తలలు పట్టుకుంటే, పెళ్ళికూతురి కంటే పూలే ముందు ముస్తాబైపోయాయని పిన్ని నవ్వేసి, వాటితోనే జడ కుట్టింది.

పిన్ని, బాబాయి ఆదివారాలు పెరటి అరుగుమీద కూర్చుని ఒకరి తలకి ఒకరు రంగు వేసుకునేవారు. మాకు అదొక వేడుక. అరవై దగ్గరపడుతుండగా ఒక ఆదివారం పిన్ని గిన్నె బాబాయి వైపు జరిపేసి, నాకింక వద్దంది. ఎందుకని అడిగితే నాతో చెప్పింది: "నా వయసుతో నేను దెబ్బలాడుకోడమేటే? అదీ గెలవదు, నేనూ గెలవను. బస్, చాలు." కొన్నాళ్ళు పైన తెలుపు, కింద నలుపుగా ఉండి, తరవాత జడంతా తెల్లబడింది. ఎంత బాగుండేదో! నేను ఇప్పటికీ రంగు వేసుకుంటూనే ఉన్నాను కాబట్టి ఆ మాట అనే హక్కు నాకు పూర్తిగా లేదు.

అభన్‌పూర్ నుంచి కూరగాయలు తెచ్చే ఆవిడ అంతవరకూ 'భాభీ' అని పిలిచేది, ఆ ఏడు నుంచి 'దాయి' అనడం మొదలుపెట్టింది. దాయి అంటే ఇక్కడివాళ్ళ భాషలో అమ్మ. వదిన నుంచి అమ్మకి ప్రమోషన్ వచ్చిందని పిన్ని ఇంటింటికీ చెప్పుకుంది. బాబాయి మీసం మాత్రం కాటుకలా మెరుస్తూనే ఉండేది. ఒకసారి విశాఖ వెళ్తుంటే బండిలో ఒక కుర్రాడు లేచి, మీ అమ్మగారిని కింది బెర్తులో పడుకోబెట్టండి అంకుల్ అన్నాడట. బాబాయి మొహం కందగడ్డ అయింది. పిన్ని మాత్రం ఆరంగ్ దాటి మహానది వంతెన వచ్చేదాకా నవ్వుతూనే ఉందట.

అయితే అన్నిటికీ నవ్వు రాలేదు. జడకి పిలవడం తగ్గిపోయింది. పెద్దావిడ కదా, చూపు ఆనుతుందో లేదో, చేతులు వణుకుతాయేమో అని ఎవరికి వారే అనేసుకున్నారు. నిన్నటిదాకా ఆ చేతులే కుట్టాయి, రంగు మానేసింది తలకి గాని వేళ్ళకి కాదు కదా! నాకు ఒళ్ళు మండేది. టాటీబంధ్ దగ్గర ఒక పెళ్ళిలో అమ్మగారికి కుర్చీ వెయ్యండని ఎంతో మర్యాదగా ఫ్యాను కింద మూలకి కూర్చోబెట్టి, అందరి హ్యాండుబ్యాగులూ ఆమె ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయారు. భోజనాలకి లేపడం కూడా మర్చిపోయారు. నేను వెళ్ళేసరికి బ్యాగుల మధ్య బొమ్మలా ఉంది. "నన్ను లాకరు చేసీసినారే" అంది. మాట నవ్వుతూనే అంది, కళ్ళు మాత్రం నవ్వలేదు.

రంగు వేసుకో, మళ్ళీ వాళ్ళే పిలుస్తారని బాబాయి బతిమాలాడు. ఆయన బాధా నిజమే. దానికి పిన్ని చెప్పిన జవాబు నేను పక్కనుండి విన్నాను. "బాధ లేదని నేనన్లేదు. ఉంది. జడ వెయ్యకపోతే నాకు తోచదు. కానీ జుట్టు నల్లగుంటేనే నేను కనబడతానంటే, వాళ్ళు ఇన్నాళ్ళూ చూసింది నన్ను కాదు కదేటి?"

తరవాత ఆమె చేసిన పని మా ఇళ్ళలో ఏ ఆడదీ చెయ్యదు. ఫలానా వాళ్ళమ్మాయికి సంబంధం కుదిరిందని తెలిస్తే చాలు, తనే ఫోన్ చేసేది. జడ ఎవరు వేస్తున్నారు, నేనున్నాను అనేది. పిలవని పేరంటానికి వెళ్ళడం మనకి తలవంపులని మా అమ్మ చెల్లెల్ని కోప్పడింది. పేరంటానికి కాదక్కా, పనికి వెళ్తున్నానని పిన్ని సమాధానం. కొందరు మొహమాటపడి రమ్మన్నారు. కొందరు బ్యూటీ పార్లరుకి చెప్పేశామన్నారు. కాదన్న ఇంటికి కూడా పెళ్ళినాడు పట్టుచీర కట్టుకుని, ఆ తెల్లజడ ముందుకి వేసుకుని వెళ్ళి అక్షింతలు వేసి వచ్చేది. ఆ ధైర్యం నాకు చచ్చినా రాదు.

చివరిగా జడ కుట్టింది నిరుడు వేసవిలో, మా అన్నయ్య కూతురికి. ఆ పెళ్ళికి కూడా ముందు పార్లరు అమ్మాయినే మాట్లాడారు. పిన్ని ఫోన్ చేస్తే మా వదిన నీళ్ళు నమిలింది గాని, పెళ్ళికూతురే ఫోన్ లాక్కుని, మామ్మా నువ్వే రా అంది. పార్లరు అమ్మాయి మొహం ముస్తాబు చేస్తుంటే, పిన్ని వెనక నిలబడి మొగ్గా మొగ్గా కుట్టుకుంటూ పోయింది. మధ్యమధ్య నడుం పట్టేస్తే గోడకి ఆనుకుని మళ్ళీ మొదలుపెట్టేది.

జడ పూర్తయ్యాక ఎప్పుడూ ఉండే తంతే. పెళ్ళికూతురిని వెనక్కి తిప్పి నిలబెట్టి జడని ఫోటో తీస్తారు. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తి, "అమ్మాజీ, జరా హట్ జాయియే" అన్నాడు. అలవాటైన మాటే కాబట్టి పిన్ని పక్కకి జరగబోయింది. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికి మామ్మా? నువ్వూ ఉండు. నాలాగే వెనక్కి తిరుగు."

మిగిలిన మొగ్గలు నాలుగు పళ్ళెంలో ఉంటే తీసి, పిన్ని జడలో తనే గుచ్చింది. ఇద్దరూ గోడవైపు తిరిగి పక్కపక్కన నిలబడ్డారు. ఫోటోగ్రాఫరు పాపం, అమ్మాజీ ఇటు చూడండి, ఇటు చూడండి అంటూనే ఉన్నాడు. పిన్ని తల తిప్పలేదు. "మొహం వద్దు బేటా, జడ తియ్యి" అంది.

ఆ ఫోటో ఇప్పుడు నా ముందుంది. పిల్ల నల్లజడ మీద మల్లెమొగ్గలు గది అవతల నుంచి కూడా కనబడతాయి. పక్కన పిన్ని జడ, సన్నగా, నడుం దాకా. తెల్లజుట్టులో తెల్లమొగ్గలు. కళ్ళకి దగ్గరగా తెచ్చుకుని చూస్తేగాని కనిపించవు.