చలువకు ఒక గ్లాసు

మా చెల్లెలి బిడ్డను హాస్టల్ చెడగొట్టిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. సావాసాలట, ఫోనట, చాయ్‌లో ఎవరో ఏదో కలిపారట. కథ బాగుంది, వినేవాళ్లు కళ్లు కూడా తుడుచుకుంటారు. కాకపోతే పదిహేడేళ్లు పిల్లను పెంచిన మేము ఆ కథలో ఒక్కరమూ కనిపించం. హాస్టల్ చేసిన తప్పల్లా ఒక్కటే: ఆ పిల్లకు ఏమీ ఇవ్వలేదు.

సెలవులు ముగిసి, జూన్‌లో పిల్ల నాగర్‌కర్నూల్ హాస్టల్‌కు తిరిగి వెళ్లింది. ఇంటర్ రెండో ఏడు. మూడో రోజు హాస్టల్ నుంచి ఫోన్ వచ్చింది: నిద్ర లేదు, చేతులు వణుకుతున్నాయి, గోడతో మాట్లాడుతోంది. నేనూ చెల్లెలూ తిమ్మాజిపేటలో బస్సెక్కి పరిగెత్తాం. వెళ్లగానే ముందు చేయాల్సిన పని నేను చేశాను: వార్డెన్‌తో కొట్లాడాను. పిల్లల పెట్టెలన్నీ వెతకమని గొంతు చించుకున్నాను. వెతికారు. మామిడికాయ తొక్కు దొరికింది. అదీ మా ఇంటిదే.

పిల్లను దవాఖానకు తీసుకెళ్తే, అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె, ఇంట్లో ఎవరికైనా అలవాట్లున్నాయా అని అడిగింది.

"మా ఇంట్ల మందు ముట్టేటోళ్లే లేరమ్మా," అంది చెల్లెలు, అవమానం జరిగినట్టు.

"కల్లు?"

చెల్లెలు నవ్వింది. "కల్లా? అది తాగుడెట్లయితది? ఎండకాలం చలువకని గ్లాసెడు పోస్తం. పిల్లది జర వేడి శరీరం."

"రోజూనా?"

"ఎండ రోజూ కొడ్తది గదమ్మా."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. కొన్నిచోట్ల కల్లులో నిద్రమాత్రల మందు కలుపుతారనీ, నెలల తరబడి రోజూ పోసి ఒక్కసారిగా ఆపితే ఒళ్లు ఇట్లాగే తిరగబడుతుందనీ చెప్పింది. మళ్లీ కల్లు పోయొద్దు, సొంత వైద్యం అసలే వద్దు, ఇక్కడే ఉంచి మందులతో మెల్లగా మాన్పించాలి అంది. ఆ తర్వాత, "ఎవరు పోసేవాళ్లు?" అని అడిగింది.

చెల్లెలు నా వైపు చూసింది.

అవును, ఎండాకాలమంతా చెల్లెలి ఇంట్లోనే ఉన్న నేనే, డిగ్రీ చదివిన నేనే. పిల్ల మొహం తిప్పుకుంటే "నోరు మూసుకొని తాగు" అన్నదీ నేనే. చీమలు పడితే గుడ్డలో వడగట్టి మరీ ఇచ్చేదాన్ని, శుభ్రత విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. అంతకు ముందు ఏడాది మా ఊరి బడిలో, మత్తుకు దూరంగా ఉండాలని పిల్లలకు ఉపన్యాసం ఇచ్చింది కూడా నేనే. ముఖం తెలియనివాళ్లు చాక్లెట్ ఇస్తే తీసుకోవద్దని చెప్పాను. పెద్దమ్మ గ్లాసు ఇస్తే తీసుకోవద్దని చెప్పడం మరిచాను.

పిల్ల కోలుకుంది. దవాఖాన నుంచి పంపే రోజు, మంచం పక్కనే నిలబడి మా మరిది, అంటే పిల్ల తండ్రి, తీర్పు చెప్పేశాడు.

"హాస్టల్ వద్దు గీస్టల్ వద్దు. ఇగ ఇంట్లనే కండ్ల ముంగట ఉంటది."

"కండ్ల ముంగటనే గద మరిదీ పోసినం," అన్నాను. "నీ కండ్లు, నా చెయ్యి."

"ఏంది వదినా, ఊరంత తాగుతలేదా? ఊరంత గోడతోని మాట్లాడుతుందా?"

"నాలుగు రోజులు ఆపి చూడు, తెలుస్తది."

మంచం మీద నుంచి పిల్లే అంది: "నేను హాస్టల్‌కే పోత నాయినా. ఈ ఊర్లనైతే ఇప్పుడు నిద్ర పడుతుంది." డాక్టరమ్మ కూడా ఆ మాటే గట్టిగా చెప్పేసరికి మరిది ఒప్పుకున్నాడు, చదువు మీద ప్రేమతో కాదు, నా నోటికి జడిసి.

పిల్ల వెళ్లింది. నెలనెలా దవాఖానకు చూపించుకుంటోంది. మొన్న ఫోన్ చేసి, "పెద్దమ్మా, దసరా సెలవులిచ్చిండ్రు. ఇంటికి రావాల్నా?" అంది. రావచ్చా అనలేదు. పరీక్షకు పిలిచినట్టు, రావాల్నా అంది.

అదే మాట చెల్లెలికి చేరవేశాను. "పండక్కి రాకుంటె ఎట్లక్కా?" అంది. సరే రానీ, ఆ పూట ఇంట్లకు కల్లు తేవద్దు అన్నాను. "పండుగ పండుగే గదక్కా, చుట్టాలు ఏమనుకుంటరు?" అని పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ ఫోన్ పెట్టేసింది. అప్పటి నుంచి రోజూ ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నాను, రోజూ ఏదో ఒకటి మాడుతూనే ఉంది: ఏమే, మీ ఇంటికి పండక్కి పిల్ల వస్తుందా, కల్లు వస్తుందా?