యాభై తొమ్మిదిన్నర

మెర్ల్ స్టకీకి ఉన్నది ఒకటే రోగం: ఎదుటి మనిషి ముసలితనం గురించి బెంగ. అమెరికాలోని డుబ్యూక్‌లో తనతోపాటు బడి బస్సులు తోలేవాళ్ళలో అతని వాత పడనివాళ్ళు లేరు. "రిటైర్‌మెంట్ ఖాతా తెరిచావా?" అన్నది అతని నోట "బాగున్నావా?"తో సమానం.

మెకానిక్ లైల్‌కి కొడుకు పుడితే, ఆస్పత్రిలో పసివాణ్ణి ఎత్తుకుని తెగ నిట్టూర్చాడు.

"ఏమైంది? వాడికేమన్నా లోపమా?" అంది లైల్ భార్య కంగారుగా.

"అబ్బే, బంగారంలాంటి పిల్లాడు. సంపాదన లేనిదే ఖాతా తెరవనివ్వరు కదా, ఎన్నేళ్ళు వృథా అయిపోతాయో అని!"

ఖాతాలో డబ్బు జరిమానా లేకుండా తీసుకోవాలంటే యాభై తొమ్మిదిన్నరేళ్ళు నిండాలి. అందుకని డిపోలో ఎవరికి ఆ అర నిండినా మెర్ల్ కేకు తెచ్చేవాడు. సగం కేకే. "మిగతా సగమేదయ్యా?" అంటే, "అరవై నిండనీ" అనేవాడు.

అతని పక్క రూటు బస్సు తోలే నోరీన్ హాస్‌కి భర్త పోయాడు, పిల్లల్లేరు. మెర్ల్ పోరు పడలేక, అతని నోరు మూయించడానికే పన్నెండేళ్ళ కిందట ఖాతా తెరిచింది. నోరు మూతపడలేదు. ఏటా ఏప్రిల్లో పన్నుల గడువు దగ్గరపడగానే వచ్చి బస్సు అద్దం మీద తట్టేవాడు.

"ఈ ఏడాది ఖాతాలో డబ్బు వేశావా?"

"వేశానయ్యా మహానుభావా! ముందు నీ బస్సు తియ్యి, అవతల పిల్లలు చలికి బిగుసుకుపోతున్నారు!"

ఆమెకి యాభై ఏడు నిండిన ఏడాది వడగళ్ళు ఇంటి కప్పును జల్లెడ చేశాయి. కప్పు మరీ పాతదని బీమావాళ్ళు చేతులెత్తేశారు. "సోమవారం ఖాతా ఖాళీ చేసేస్తున్నా" అంది నోరీన్, డిపోలో కాఫీ తాగుతూ.

మెర్ల్‌కి పొలమారింది. "ముట్టుకోకు! పదో వంతు జరిమానా, ఆపైన పన్ను!"

"మరి నా మంచం మీద కురిసే నీళ్ళని రెండున్నరేళ్ళు ఆగమని చెప్పనా?"

"గొడుగేసుకుని పడుకో!"

డిపో గొల్లుమంది. నోరీన్‌కి మాత్రం ఒళ్ళు మండింది. "నీకు మనుషులు అక్కర్లేదు మెర్ల్. అంకెలుంటే చాలు" అనేసి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున్నే నెత్తిమీద దబదబ చప్పుడు. నోరీన్ బయటికి పరిగెత్తుకొచ్చి చూస్తే, కప్పు మీద లైల్, నలుగురు డ్రైవర్లు, సుత్తులు, కొత్త పెంకుల కట్టలు. నడిమధ్య మెర్ల్, పొగగొట్టాన్ని కావలించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని.

"నువ్వెందుకెక్కావు? స్టూలెక్కినా కళ్ళు తిరుగుతాయి కదా! దిగు!"

"దిగాలంటే ఇంకా భయంగా ఉంది."

"రెండ్రోజులు మా అందరి ఇళ్ళూ తిరిగి ప్రాణం తోడేశాడమ్మా" అన్నాడు లైల్. "పెంకులు కొన్నదీ ఆయనే. నీకు చెప్పొద్దన్నాడు."

నోరీన్ గొంతు తగ్గింది. "అంత డబ్బెక్కడిది మెర్ల్?"

"నా ఖాతాలోది. నాకు అరవై రెండు. జరిమానా లేదు."

"మరి పన్నో?"

"ఆ మాటెత్తకు. ఇప్పుడే కాస్త కుదుటపడ్డాను."

చివరి మేకు పడ్డాక నలుగురూ కలిసి అతణ్ణి మంచం దింపినట్టు కిందికి దించారు. అందరూ నోరీన్ చేసిన పంది మాంసం శాండ్‌విచ్‌లు తిని ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. మెర్ల్ మాత్రం వంటింట్లో కూర్చుని, ముట్టుకోని ఆమె ఖాతా ఇంకో పదేళ్ళకి ఎలా పెరుగుతుందో గంటసేపు వివరించాడు.

నోరీన్‌కి ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

"మళ్ళీ మొదట్నించీ చెప్పు" అంటూ అతని కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది.