మావయ్యగారు బిగించిన పట్టీలు

మా మావయ్యగారు పోయారని టెలిగ్రాం వచ్చేటప్పటికి నేను గుడివాడ బళ్ళో పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. సుద్దముక్క బల్లమీద పెట్టి అలాగే బందరు బస్సెక్కాను. దారిపొడుగునా ఆయన చేతులే గుర్తొచ్చాయి.

ఆయన నా భర్త తండ్రి. బియ్యం మిల్లు వదిలేశాక ఆయనకి మిగిలిన ముచ్చట ఓ పాత నల్ల కారు. బందరు ఉప్పుగాలి సంగతి మీకు తెలుసుగా, ఇనుమన్నదాన్ని బతకనివ్వదు. అందుకని కారు ఒంటిచుట్టూ అలంకారానికి బిగించిన నికెల్ పూత పట్టీలన్నీ ఏటా వానలకి ముందు ఊడదీసి, అడుగున తుప్పు గీకి, రంగు పూసి, మళ్ళీ బిగించేవారు. ఇంట్లోనే ఉండే ఆయన చెల్లెలు, మా చిన్నత్తయ్యగారు, ఓసారి సాయం చేద్దామని ఆ పట్టీల్ని చింతపండు పెట్టి ఇత్తడి బిందెల్లా తోమేసింది. పూతంతా మచ్చలు తేలింది. ఆయన కోప్పడలేదు, కారుక్కూడా తలంటు పోశావా అని నవ్వి ఊరుకున్నారు.

పెళ్ళయిన కొద్దికాలానికే నా భర్త జ్వరంతో పోయారు. పదోరోజున నా గాజులు పగలగొట్టారు. మావయ్యగారు నోరు మెదపలేదు, షెడ్డులో కారు పక్కన కూర్చుండిపోయారు. ఆయనమీద నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను.

మరుసటి వేసవిలో పట్టీలు తీయడానికి నన్ను పిలిచారు. అప్పటిదాకా నేను గది దాటి వచ్చింది తక్కువ. రేకుముక్కకి పాత పంచె గుడ్డ చుట్టి, రంగు గీసుకుపోకుండా పట్టీ కిందకి ఎలా దూర్చాలో చూపించారు. నేను విసురుగా లాగబోతే, "లాగకమ్మా, బతిమాలు" అన్నారు. వంగిన పట్టీ మళ్ళీ తిన్నగా కూర్చోదట. తీసినవాటిని వసారాలో దుప్పటిమీద వరసగా పేర్చి, ఏది ఎటువైపుదో వెనకాల సుద్దతో రాశాం. పట్టీల్లేని కారు బోసిగా, ఒళ్ళంతా చిల్లులతో నిలబడింది. రంగు వేయడానికొచ్చిన మేస్త్రీ, చిల్లులు పూడ్చేస్తే పనయిపోతుంది కదండీ, ఈ పట్టీల గొడవెందుకన్నాడు.

"తీసింది మళ్ళీ పెట్టడానికేనయ్యా," అన్నారు మావయ్యగారు.

రంగు ఆరాక అన్నీ బిగించాం. ఆఖరి పట్టీ టక్కుమని కూర్చోగానే ఆయన లోపలికెళ్ళి, కాగితంలో చుట్టిన పచ్చ గాజులు తెచ్చారు. నలుగురూ ఏమంటారన్నయ్యా అని చిన్నత్తయ్యగారు అడ్డొచ్చింది.

"ఆ రోజు నోరు మూసుకున్నాను. ఇవాళ మూసుకోను," అన్నారాయన. "చెయ్యి ఇటివ్వమ్మా."

గ్రీజు చేతులతోనే తొడిగారు. ఆ తర్వాత టీచరు ట్రైనింగుకి ఆయనే ఆ కార్లో దింపి వచ్చారు. చిన్నత్తయ్యగారు మాత్రం చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

మొన్న నేను వెళ్ళేసరికి ఆయన్ని వసారాలో పడుకోబెట్టారు. వాకిలి నిండా జనం. షెడ్డులో కారు తలుపు మీది పట్టీ ఒక కొస ఊడి వేలాడుతోంది. ఆయన చూస్తే ఊరుకోరు. వెళ్ళి, చోటు చూసుకుని బొటనవేలితో నొక్కాను. గాజులు గలగలలాడాయి. అంతా తలతిప్పి చూశారు.

చిన్నత్తయ్యగారు కళ్ళొత్తుకుంటూ నా పక్కకొచ్చి నిలబడింది.

"ఇంకాస్త గట్టిగా నొక్కవే, మళ్ళీ ఊడుతుంది," అంది.