కుచ్చిళ్లు కుట్టిన ఆవిడ కార్డు

గ్రీకు చరిత్రలో ఏ తేదీన ఏం జరిగిందో రెండేళ్లుగా డైరీలో రాసుకుంటున్నాను. షికాగోలో గ్రీకులు నడిపే ఒక చిన్న లైబ్రరీ తమ స్వాతంత్ర్య దినం, మార్చి 25, గురించి బోర్డు పెడుతూ ఆ తేదీన జరిగినవాటి మీద కార్డులు రాసి పంపమంది. ఒకటి పంపాను. తీసుకున్నారు. నా రాత నలుగురి కంటా పడటం అదే మొదటిసారి కనుక ఆ రోజే చూడాలని బయలుదేరాను.

పొద్దున తొమ్మిదిన్నరకి మా ఊరు నేపర్‌విల్‌లో రైలెక్కాను. పక్క సీట్లో మా వీధి మూర్తి అంకుల్. "గ్రీకుల ఇండిపెండెన్స్ డేకి నువ్వెందుకమ్మా? మన ఆగస్ట్ పదిహేనుకి వాళ్లేమైనా వస్తున్నారా?" అని నవ్వారు. నేను డైరీ తీసి మార్చి 25 పేజీ తిరగేశాను. గంటలో యూనియన్ స్టేషన్. అక్కడినుంచి పడమరకి పావుగంట నడక. దారిలో గ్రీకుల పాలకూర పై, మన కర్రీ పఫ్ లాంటిది, కొనుక్కున్నాను, వేడిగా బాగుంది.

బోర్డు మీద ఎడమన జననాలు, కుడివైపు మరణాలు, మధ్యలో సంఘటనలు. టర్కుల మీద 1821 తిరుగుబాటు కింద నా కార్డు: 1924లో రాజరికం పోయి రిపబ్లిక్ వచ్చిన రోజు. ఫోటో తీసుకుంటుంటే పక్కన మాటలు వినిపించాయి. ఎలేని అనే పెద్దావిడ చేతిలో కార్డుతో నిర్వాహకుణ్ణి బతిమాలుతోంది. వాళ్లమ్మ ఇదే తేదీన పోయిందట. పండుగకి మగవాళ్లు ఆనాటి యోధుల్లా కట్టే తెల్లటి కుచ్చిళ్ల స్కర్టులు బతికినన్నాళ్లూ ఈ పేటకంతా ఆవిడే కుట్టిందట.

"ఇది చరిత్ర బోర్డు, ఫ్యామిలీ ఆల్బమ్ కాదు," అన్నాడాయన. ఆయన కట్టుకున్నదీ అలాంటి స్కర్టే.

"అది వాళ్ల నాన్నది. అమ్మ కుడుతుంటే కుచ్చిళ్లకి ఇస్త్రీ పెట్టింది నేనే," అంది ఎలేని నాతో, మెల్లగా.

నాకు ఒళ్లు మండిపోయింది. కత్తి పట్టినవాడిది చరిత్ర, వాడికి బట్ట కుట్టినావిడది కాదా? కాఫీ ఆర్డర్ ఇవ్వడానికే నోరు పెగలని నేను అడిగేశాను.

"మీ స్కర్టు ఎవరు కుట్టారు సర్?"

"మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది."

"ఆయన కట్టుకున్నారు. కుట్టింది వీళ్లమ్మ."

ఆయన ముఖం ఎర్రబడింది. బోర్డు మీద చోటు లేదన్నాడు. నా కార్డు పిన్ను లాగేశాను. ఎలేని తన కార్డు అక్కడే గుచ్చింది, మరణాల వైపు కాదు, సంఘటనల మధ్య. ఆయన ఆపలేదు.

మధ్యాహ్నం రైల్లో నా కార్డు డైరీలో పెట్టుకున్నాను. నేపర్‌విల్ దాకా కోపం దిగలేదు. బోర్డు నెలాఖరు వరకూ ఉంటుంది, చూడటానికి టికెట్ అక్కర్లేదు. వెళ్తే 1821 కింద చూడండి. అక్కడ ఆవిడ కార్డు లేకపోతే నాకు చెప్పండి. మళ్లీ వెళ్తాను.