నాయనమ్మ సాగదీసిన దవడ

నా కింది పళ్ళు పై పళ్ళని దాటి ముందుకొచ్చాయని మొదట కనిపెట్టింది అమ్మా కాదు, నాన్నా కాదు, మా పక్కింటి పెద్దమ్మ. మా ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో మాకన్నా ఆమెకే బాగా తెలుసు, ఇక నా నోట్లో సంగతి తెలియకుండా ఉంటుందా! పాలపళ్ళు ఊడినవి ఊడినట్టే పేడముద్దలో పెట్టి పెంకుల మీదికి విసిరేశాను. కొత్త పళ్ళు వచ్చాయి. వచ్చాక చూస్తే జామకాయ కొరకడం నా వల్ల కావడంలేదు. ముందుపళ్ళు ఒకదానికొకటి ఆనకపోవడంతో, పక్కపళ్ళతో తిప్పలుపడి కొరుక్కుంటుంటే పెద్దమ్మ నా గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పింది.

"ఏంది పిన్నీ ఇది? దీనికి నీళ్ళు పోసింది నువ్వే గదా. లాగీ లాగీ దవడ ముందుకి తెచ్చిపెట్టావు, ఆడపిల్లకి!" అంది మా నాయనమ్మతో.

ఆ మాట ఎంత దెబ్బో చెప్పాలంటే మా నాయనమ్మ సంగతి చెప్పాలి. నాన్న పాకుతున్న నాడే తాతయ్య పోయాడు. అప్పటినుంచీ పెళ్ళిళ్ళల్లో, పేరంటాల్లో ఆమె వెనక గదిలోనే. పసుపు దంచేచోటికి కూడా రానిచ్చేవాళ్ళు కాదు. కానీ నరసరావుపేటలో మా వీధిలో ఏ ఇంట్లో పురుడొచ్చినా మొదటి కబురు ఆమెకే. చంటిబిడ్డలకి నీళ్ళు పోయడంలో ఆమె చెయ్యి అటువంటిది. పీట వేసుకుని, కాళ్ళు బారజాపి, బిడ్డని పిక్కల మీద పడుకోబెట్టుకునేది. నువ్వులనూనె రాసి, తల గుండ్రంగా రావాలని రెండు చేతులా వొత్తి, ముక్కు దిగువకి దువ్వి, గడ్డం కుదురుగా దిగాలని బొటనవేలితో కొంచెం కిందికీ ముందుకీ సాగదీసేది. ఆ కాస్తసేపూ ఆమె చుట్టూ ఆడవాళ్ళందరూ నిలబడి, ఆమె చెప్పినట్టు నీళ్ళు అందించేవాళ్ళు. ఆమెకి ఈ లోకంలో ఉన్న పెద్దరికమంతా ఆ పీట మీదే.

పెద్దమ్మ మాట అన్న రోజునుంచి నాయనమ్మ ఎవరింటికీ పోలేదు. కబురొస్తే, "నా చేతులు మంచివి కావమ్మా, ఇంకెవరినన్నా పిలుచుకోండి" అనేది. ఆ పీటని తీసుకెళ్ళి పిడకల గదిలో పడేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. దవడ నాది, పళ్ళు నావి, జామకాయ నాది, మధ్యలో ఈ పెద్దమ్మకేం నొప్పి?

అసలు చిక్కు ఇంకొకటుంది. అమ్మ అప్పుడు నిండుమనిషి. అమ్మకి పుట్టింట్లో అమ్మ లేదు, కాన్పు మా ఇంట్లోనే జరగాలి. పుట్టేబిడ్డకి నీళ్ళు నువ్వే పోయాలి అత్తయ్యా అని అమ్మ ఎన్నిసార్లు అడిగినా నాయనమ్మ తల అడ్డంగా ఊపేది. "ఒకదాన్ని చెడగొట్టింది చాలదా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. సొంత మనవడినో మనవరాలినో ముట్టుకోనంటే ఇంట్లో ఎవరికి అన్నం సయిస్తుంది చెప్పండి!

నాన్నది బట్టలకొట్టు. మాట తక్కువ మనిషి. ఒకరోజు కొట్టు మూసి, నన్నూ నాయనమ్మనీ వెంటబెట్టుకుని గుంటూరు రైలెక్కాడు. అక్కడ మద్రాసులో చదివొచ్చిన పళ్ళ డాక్టరు ఉన్నాడని ఎవరో చెప్పారట. ఊళ్ళో అందరూ ఆ కింది పళ్ళు పీకించేయమనే సలహానే ఇస్తున్నారు. పీకుతారేమోనని రైల్లో నేను నోరు తెరవలేదు, నాయనమ్మ ఇచ్చిన మరమరాలు కూడా తినలేదు.

డాక్టరు నోరు చూశాడు, పక్కనుంచి ముఖం చూశాడు. పిల్లకెన్నేళ్ళని అడిగాడు. నాన్న ఒక లెక్క చెప్పాడు, నాయనమ్మ జొన్నకోతలు గుర్తు పెట్టుకుని ఇంకో లెక్క చెప్పింది. బళ్ళో వేసేటప్పుడు నా లెక్క అదీ కాదు, ఇదీ కాదు. తల మీదుగా చెయ్యి తిప్పి అవతలి చెవి అందుకోమన్నారు, అందింది, వేసుకున్నారు. ఆ మాట చెబితే డాక్టరు నవ్వాడు. "సరే, చెయ్యి చూద్దాం" అన్నాడు.

నేను కుడిచెయ్యి చాపబోతే నాయనమ్మ ఠక్కున పట్టుకుని వెనక్కి లాగింది. "ఆడపిల్లకి ఎడమచెయ్యి చూడాలి బాబూ" అంది. ఆయన జాతకం చూస్తున్నాడనుకుంది! నాన్న సిగ్గుతో గోడ వైపు తిరిగాడు. డాక్టరు మాత్రం నవ్వలేదు. "నాక్కూడా ఎడమచెయ్యే కావాలమ్మా" అని, నా మణికట్టు వొత్తి, వేళ్ళ కణుపులు తడిమి చూశాడు. పెద్ద ఊళ్ళల్లో ఈ చేతికి ఎక్స్‌రే తీస్తారట. మణికట్టులో చిన్నచిన్న ఎముకలు ఎన్ని తేలాయో, వేళ్ళ చివర ఎముకలు ఎంత అతుక్కున్నాయో చూసి, పిల్ల ఇంకా ఎంత ఎదుగుతుందో చెబుతారట. "పుట్టినరోజు లెక్క వేరు, ఎముక వయసు వేరు. మనకి కావలసింది రెండోది" అన్నాడు. నాయనమ్మ నోరు తెరుచుకుని వింది.

తర్వాత తాపీగా చెప్పాడు. పై దవడ చిన్నతనంలోనే దాని పని చానావరకు ముగించుకుంటుంది. కింది దవడ అట్లా కాదు, పిల్ల పొడుగు సాగినన్నాళ్ళూ అదీ సాగుతూనే ఉంటుంది. నాకింకా చానా ఎదుగుదల ఉంది కాబట్టి కింది దవడ ఎక్కడ ఆగుతుందో ఇప్పుడే చెప్పలేను అన్నాడు. పీకడం మాత్రం వద్దన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు నాయనమ్మ అడిగింది. "బాబూ, నీళ్ళు పోసేటప్పుడు ఈ చేత్తోనే లాగాను. దానివల్లేనా?"

డాక్టరు చేస్తున్న పని ఆపి ఆమె వైపు తిరిగాడు. "చేత్తో లాగితే పెరిగే ఎముకే అయితే, మిమ్మల్నే నా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకునేవాణ్ణి తల్లీ. ఇది వంశంలో వస్తుంది. ఇటువంటి దవడ మీవాళ్ళల్లో ఎవరికుంది?"

నాన్న దవడ అటువంటిది కాదు. అమ్మవాళ్ళల్లో లేదు. నాయనమ్మ ఆలోచించి ఆలోచించి, ఎవరికీ లేదంది. ఆమె ముఖం మళ్ళీ వాడిపోయింది. ఎవరికీ లేకపోతే ఇక మిగిలింది తన చెయ్యే గదా.

డాక్టరు ఒక పలచటి చెక్కపుల్ల ఇచ్చి, పై పళ్ళ వెనకగా పెట్టి ఎట్లా కొరకాలో చూపించాడు. కింది పళ్ళ మీద ఆనించి కొరికితే పై పళ్ళు మెల్లిగా ముందుకి కదులుతాయట. అన్నం ముందు నాయనమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ పుల్ల కొరికించేది. "ఊఁ, వదలబాక, ఇంకాసేపు" అనేది. నా చిగుళ్ళు సలిపేవి, చొంగ కారేది, నేను తిట్టుకునేదాన్ని. ఆమె పైటచెంగుతో తుడిచి మళ్ళీ పుల్ల అందించేది. వానాకాలం అయిపోయేసరికి పై పళ్ళు కింది పళ్ళని దాటుకుని బయటికొచ్చాయి. దవడ మాత్రం దాని చోటున అదే ఉంది.

పళ్ళు కుదిరినా నాయనమ్మ పీట దగ్గరికి మాత్రం రాలేదు. ఆ డాక్టరు ఒక్క బిడ్డకన్నా నీళ్ళు పోశాడా, ఆయనకేం తెలుసు అనేది. ఇంతలో అమ్మ ప్రసవించింది, తమ్ముడు పుట్టాడు. బిడ్డకి నీళ్ళు పోసే దిక్కులేక నాన్న మాచర్లకి మనిషిని పంపాడు. అక్కడ మా తాతయ్య అక్క ఉంది, మేమందరం మాచర్లవ్వ అంటాం. నా బారసాల తర్వాత మోకాళ్ళ నొప్పులతో ఆమె మళ్ళీ మా ఊరు రాలేదు. ఈసారి మూలుగుతూనే రైలెక్కి వచ్చింది.

బండి దిగి, మూట చంకన పెట్టుకుని గడపలోకొచ్చిన అవ్వకి ఎదురెళ్ళి నిలబడ్డాను. ఆమె నన్ను చూసింది. మూట కింద పడింది.

"ఓరి నా తమ్ముడా!" అని గొల్లుమంది. నా రెండు చెంపలూ పట్టుకుని, పక్కకి తిప్పి, మళ్ళీ ఇటు తిప్పి, "ఏమే మరదలా, ఇంటో వాణ్ణి పెట్టుకుని ఒక్క కబురన్నా పంపకపోతివే! అదే దవడ! మా అమ్మ వాణ్ణి జామకాయ కూడా సరిగ్గా కొరకలేవేంట్రా అని ఎక్కిరించేది!" అంది.

నాయనమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఆయనకి ఇట్టా ఉండేదా వదినా?"

"నీకు తెలియదంటే? నీ మొగుడు గదే!"

నాయనమ్మ గోడకి ఆనుకుని అట్టాగే కూలబడింది. "తల ఎత్తితే అత్తగారు ఊరుకునేదా? వెలుతుర్లో ఆయన ముఖం నేనెప్పుడు చూశాను వదినా? ఆయన పాదాలైతే ఎక్కడున్నా గుర్తుపడతాను."

తాతయ్యకి ఫొటో లేదు. నాన్నకి తండ్రి ముఖం తెలియదు. నాన్న కొట్టుకి పోబోతున్నవాడల్లా చెప్పులు విడిచి వెనక్కి వచ్చి, నా ముఖంలోకి వంగి చూశాడు. నా తల మీద చెయ్యి వేశాడు.

అవ్వ తేరుకుని, నీళ్ళు కాగాయా అంటూ కొంగు బిగించింది. నాయనమ్మ లేచి ఆమెకి అడ్డం నిలబడింది. "నీకు మోకాళ్ళ నొప్పులు. నువ్వు కూర్చో వదినా" అంది. నేరుగా పిడకల గదిలోకి పోయి ఆ పీట తెచ్చి, కడిగి, పెరట్లో వేసుకుని కాళ్ళు చాపింది. అమ్మ మంచంలోనుంచే ఏడుస్తూ బిడ్డని అవ్వ చేతికిచ్చి పంపింది. ఎంతోకాలం తర్వాత ఆమె చేతులు నూనెలో మునగడం చూస్తుంటే నాకు గంతులెయ్యాలనిపించింది.

అంతలో నన్ను కేకేసింది. "ఏమే, ఇటు రా. నా ఎదురుగా కూర్చో."

"చెంబు అందించాలా?"

"చెంబుకి మీ అవ్వ ఉందిలే. నువ్వు కొంచెం పక్కకి తిరిగి కూర్చో. ఆఁ, అట్టా. కదలబాక."

తమ్ముడికి తల వొత్తింది, ముక్కు దువ్వింది, భయం లేకుండా గడ్డం సాగదీసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కళ్ళు మాత్రం బిడ్డ మీద లేవు. నాకీ ముఖం ఇచ్చిన వంశానికీ, పళ్ళు పీకించకుండా కాపాడిన ఆ డాక్టరుకీ ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను. ఎండ నిండుగా ఉన్న పెరట్లో, అత్తగారి భయం లేకుండా, తలెత్తి, నాయనమ్మ నా ముఖంలో తన మొగుణ్ణి చూసుకుంటోంది.