కదలని మిస్ ఐడెల్లా

మిస్ ఐడెల్లా కదలదు. ఆవిడ గురించి ఎవరు ఏం చెప్పినా ముందు చెప్పేది అదే. కుర్చీలో కూర్చుందంటే ఇక అంతే. ఊపిరి తీస్తున్న జాడ ఉండదు, రెప్ప పడదు, గొంతులో గుటక కూడా కదలదు. టర్నర్స్ బెండ్ ఊళ్ళో సగం మంది ఆవిడ పంతొమ్మిది వందల ఇరవై ఏడులో వచ్చిన పెద్ద వరదలోనే పోయిందనీ, ఆ సంగతి ఆవిడతో చెప్పే ధైర్యం ఎవరికీ లేక అలా వదిలేశారనీ నమ్మేవారు. మిగతా సగం నమ్మేవారు కారు గానీ, దీపాలు పెట్టే వేళ దాటితే ఆవిడ వసారా ముందు నుంచి మాత్రం నడిచేవారు కారు.

ఒక ఆదివారం చర్చిలో ఈగ ఒకటి వచ్చి ఆవిడ కంటి మీద వాలింది. రెప్ప మీద కాదు, కంటి మీదే. నల్లగుడ్డు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కాళ్ళు రుద్దుకుని, తీరిగ్గా ఎగిరిపోయింది. పాటల బృందం మూడో చరణం మరిచిపోయింది. పాస్టరు గారు ఆరోజు రెండు నిమిషాల్లో ప్రసంగం ముగించి, తర్వాత నెల రోజుల పాటు ఆ వైపు బెంచీల కేసి చూడలేదు.

శవపేటికలు చేసే రూఫస్ గారైతే ఒకసారి ధైర్యం చేసి కొలతల టేపు పట్టుకుని ఆవిడ వసారా మెట్లెక్కాడు. పాదాల దగ్గర మోకరిల్లి టేపు విప్పుతుండగా పైనుంచి మాట వినిపించింది.

"ఐదడుగుల నాలుగంగుళాలు. రాసుకుని వెళ్ళు రూఫస్. ఇప్పుడే కాదు."

ఆ మాట అన్నప్పుడు పెదాలు కదలలేదని రూఫస్ బైబిలు మీద చెయ్యేసి చెప్పేవాడు.

ఇలాంటి మనిషితో ఊరికేం పని అంటే, పని ఉంది. జుట్టు చేసే లైసెన్సు కావాలంటే మిసెస్ పింక్‌స్టన్ బడిలో పదిహేను వందల గంటలు నేర్చుకోవాలి. తర్వాత తల చేయించుకునే మనిషిని వెంటబెట్టుకుని రాజధాని జాక్సన్ వెళ్ళి, పరీక్షాధికారి కళ్ళ ముందు పొయ్యి మీద కాల్చిన ఇనప దువ్వెనతో నొక్కుల జుట్టు సాపు చెయ్యాలి, ఉంగరాలు తిప్పాలి. కూర్చున్న మనిషి "అబ్బా" అందంటే పరీక్ష పోయినట్టే, మళ్ళీ ఆరు నెలలు ఆగాలి. అందుకని బడిలో పిల్లలందరికీ చివరికి దిక్కు ఐడెల్లాయే. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ ఎక్కినన్నిసార్లు ఆ పరీక్ష మెట్లు రాష్ట్రంలో ఇంకెవరూ ఎక్కలేదు. ప్రతిఫలంగా చెప్పుల పెట్టెడు కోడి వేపుడు పుచ్చుకునేది.

వెర్డెల్ మాత్రం ఆవిడ జోలికి పోకూడదనే అనుకుంది. ఆ పిల్లకి ఇరవై రెండేళ్ళు, పిరికిది. పిన్ని కూతుర్ని కూర్చోబెడదామనుకుంటే, పరీక్ష మూడు రోజులుందనగా ఆ పిల్లకి దవడ వాచింది. అవతల ఓలీటా గారు తన జుట్టు షాపులో ఒక కుర్చీ ఖాళీగా ఉంచి, లైసెన్సు తెస్తే ఇస్తానంది. తేకపోతే సోమవారం నుంచి పత్తి చేలో కలుపు. ఆరు నెలలు కుర్చీ ఎవరు ఆపుతారు?

"ఇంకెవరున్నారే, ఐడెల్లా ఉందిగా" అంది మిసెస్ పింక్‌స్టన్.

"ఆవిడ... నిజంగా బతికే ఉన్నారా అండీ?"

"ముప్ఫై ఏళ్ళలో పరీక్ష పెట్టేవాళ్ళే అడగలేదు. నీకెందుకు?"

మర్నాడు మునిమాపు వేళ వెర్డెల్ సాధన కోసం ఆవిడ ఇంటికి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. కుర్చీ, ఎదురుగా నిలువుటద్దం, అద్దంలో ఐడెల్లా. వెర్డెల్ ముట్టుకుంటే ఆ తల నూతి రాయిలా చల్లగా ఉంది. ఎడమ పక్కకు జరిగితే అద్దంలో కళ్ళు తననే చూస్తున్నాయి. కుడి పక్కకు జరిగినా తననే. వంగి పొయ్యి వెలిగించి లేచేసరికి ఇంకా తననే. ఆ ఇంట్లో గోడ గడియారం కూడా ఆగిపోయి ఉంది.  వెర్డెల్ చేతి అద్దం తీసి మెల్లగా ఆవిడ ముక్కు దగ్గర పెట్టి చూసింది. అద్దానికి ఆవిరి పట్టలేదు.

"అద్దం తుడిచి పెట్టు పిల్లా" అంది గొంతు, ఎక్కడినుంచో. "మురికి అద్దానికి మార్కులు తీసేస్తారు."

వెర్డెల్ ఆ రోజు దువ్వెన అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తింది.

అయినా వేరే దిక్కు లేక, పరీక్ష రోజున ఐడెల్లానే వెంటబెట్టుకుని జాక్సన్ వెళ్ళింది. పరీక్ష గదిలో పద్నాలుగు కుర్చీలు. కిటికీలు మూసేశారు. తల నూనె మాడిన పొగ అడ్డంగా తేలుతోంది. మిగతా వాళ్ళు తుమ్ముతున్నారు, మెడ గోక్కుంటున్నారు. మూడో కుర్చీలో మనిషి కెవ్వుమంది. ఆమెకు జుట్టు చేస్తున్న పిల్ల ఏడుస్తూ బయటికి పోయింది. ఆ సందడంతటి మధ్యలో ఐడెల్లా ఒక్కతే సమాధి మీద బొమ్మలా ఉంది.

పరీక్షాధికారిణి సన్నగా, పొడుగ్గా, చేతిలో పెన్సిలుతో కుర్చీ కుర్చీకీ ఆగుతూ వచ్చింది. ఐడెల్లా ముందుకొచ్చి ఆగింది. వంగి ఆ కళ్ళలోకి చూసింది. పెన్సిలు గాల్లో నిలిచిపోయింది.

"ఈవిణ్ణి నేను చూశాను" అంది చిన్నగా, తనలో తనే అనుకుంటున్నట్టు. "పద్దెనిమిదేళ్ళయింది. ఏమీ మారలేదు."

ఇంకేం అనకుండా గబగబా తర్వాతి కుర్చీకి వెళ్ళిపోయింది.

వెర్డెల్ దువ్వెనని తెల్ల కాగితానికి ఆనించి చూసింది. కాగితం మాడలేదు, వేడి సరిగ్గానే ఉంది. చెయ్యి మాత్రం వణుకుతూనే ఉంది. చెవి వెనక పాయ పట్టుకుని దువ్వెన లాగుతుంటే సుయ్‌మని చప్పుడైంది, పెనం మీద నీటి చుక్క పడ్డట్టు.  అద్దంలో చూసింది. ఆ మొహంలో ఉలుకూ పలుకూ లేవు. నూనె చప్పుడే అయ్యుంటుందిలే అనుకుని పని ముగించింది. సాయంత్రానికి పాసైనట్టు చీటీ చేతికొచ్చింది.

తిరుగు ప్రయాణంలో మిసెస్ పింక్‌స్టన్ కారు నడుపుతోంది. వెనక సీట్లో ఐడెల్లా ఒళ్ళో చెప్పుల పెట్టె పెట్టుకుని కోడి కాలు తింటోంది. ఆవిడ దవడ ఆడటం వెర్డెల్ మొదటిసారి చూసింది. అదే ఒక భయంగా ఉంది. నములుతుంటే కాలరు జారింది. చెవి వెనక గోరంత పొడుగున ఎర్రటి బొబ్బ. దాని కింద తెల్లబడిన పాత వాతలు, ఒకదాని కింద ఒకటి, రైలు పట్టాల కింద దుంగల్లా మెడ పొడుగునా.

"మిస్ ఐడెల్లా, నేను కాల్చానా మిమ్మల్ని?"

"కాల్చావు."

"మరి ఒక్క మాట అనలేదేమండీ?"

"అంటే నువ్వు పత్తి చేలోకి, నేను ఇంటికి. లాభం ఎవరికి?" ఎముక పెట్టెలో పడేసి, వేలు నాక్కుని, చూడకుండానే మెడ మీద ఒక్కో వాతా తడిమి చూపించింది. "ఇది వర్లీన్. మెంఫిస్‌లో మూడు షాపులు దానికిప్పుడు. ఇది మీ ఓలీటా. ఈ పెద్దది, ఇందాక పెన్సిలు పట్టుకుని తిరిగిందే, ఆవిడది. బెదురుగొడ్డు, అప్పుడూ అంతే."

ముందు సీటులో మిసెస్ పింక్‌స్టన్ ఎందుకో కాలరు సరిచేసుకుంది. "రోడ్డు చూసి నడుపు, పింకీ" అంది ఐడెల్లా.

వెర్డెల్‌కి ఏడుపు ఆగలేదు. "నాకీ చీటీ వద్దండీ. వెనక్కిచ్చేస్తాను."

"నా పరీక్ష రోజున మా అత్త కూర్చుంది. నూనె బొట్టు పడగానే గది దద్దరిల్లేలా అరిచింది. మళ్ళీ జాక్సన్ వెళ్ళడానికి నాకు కుదరలేదు. ఇరవై ఏళ్ళు పత్తి ఏరాను." ఆవిడ ఇంకో ముక్క తీసింది. "చేతులు మంచివే నావి. చూసే యోగం ఎవరికీ లేకపోయింది. అది వదిలెయ్. ఊరికే కాల్పించుకోను నేను. ఇక మీదట శనివారం శనివారం నా తల నువ్వే చెయ్యాలి. నీ చేతికి బుద్ధొచ్చేదాకా."

"వచ్చిందని ఎలా తెలుస్తుందండీ?"

"నాకు తెలుస్తుంది."

అలా మొదలైంది. ప్రతి శనివారం పొద్దున్నే ఐడెల్లా వచ్చి ఓలీటా షాపులో కుర్చీ ఎక్కేది. ఆవిడని చూసి తలుపు దాకా వచ్చినవాళ్ళు వెనక్కి తిరిగేవారు. వెర్డెల్ ప్రతి పాయకీ దువ్వెన కాగితానికి ఆనించి, తన మణికట్టు దగ్గర వేడి చూసుకుని, అప్పుడు ముట్టేది. వేసవి పోయింది, పత్తి ఏరడం అయిపోయింది, చలి మొదలైంది. ఆ పిల్ల చేతిలో వణుకు ఎప్పుడు పోయిందో ఆ పిల్లకే తెలియదు. ఐడెల్లా మాత్రం రాయి రాయే.

నవంబరులో ఒక శనివారం, సగం తల అయ్యేసరికి, ఆవిడ మెడ వాలిపోయింది. గడ్డం గుండెకి ఆనింది. ఒళ్ళోంచి చెయ్యి జారి పక్కకు వేలాడింది.

షాపులో నలుగురూ లేచి నిలబడ్డారు. ఒకామె రూఫస్ గారిని పిలుచుకొస్తానంది.  వెర్డెల్ దువ్వెన పొయ్యి మీద పెట్టి, వంగి, ఆవిడ మొహం దగ్గర చెవి పెట్టింది.

ముందు సన్నగా, తర్వాత ఇంకాస్త ధాటిగా, చివరికి అద్దాలు అదిరేలా గురక వినిపించింది. ఎడమ కాలు కలలో ఎటో నడుస్తున్నట్టు టకటకా ఆడింది.

ఓలీటా చేతిలో పని ఆపి, నడుం మీద చేతులేసుకుని చాలాసేపు చూసింది. తర్వాత కాస్త కుళ్ళుగానే అంది:

"నా చేతి కింద ఇలా నిద్రపోవడానికి ఆవిడకి నాలుగేళ్ళు పట్టిందే పిల్లా."

వెర్డెల్ కళ్ళు తుడుచుకుని, పొయ్యి మంట తగ్గించి, ఆ చెయ్యి తీసి మళ్ళీ ఆవిడ ఒళ్ళో పెట్టింది. మిగిలిన పాయలు నిద్ర చెడకుండా ఒక్కొక్కటే దువ్వుకుంటూ పోయింది.